హారతి మధ్యలో ఆగిన టేపు

నా చిన్నప్పుడు, మా తాలూకాను కర్నూలు నుంచి విడదీసి ప్రకాశం జిల్లాలో కలిపిన కొత్తల్లో, బడిలో జిల్లా పేరు రాయమంటే సగం మందిమి కర్నూలనే రాసి తిట్లు తినేవాళ్లం. ఆ రోజుల్లోనే మిలిటరీలో ఉన్న మా మామ సెలవుకు వస్తూ ఒక టేప్ రికార్డర్ తెచ్చినాడు. బేస్తవారిపేట దగ్గరి మా పల్లెలో అట్లాంటి వస్తువును అంతకు ముందు చూసినవాళ్లు లేరు. తిరిగి పోయేటప్పుడు నా ఏడుపు చూడలేక దాన్ని నాకే వదిలిపెట్టి పోయినాడు. నేనప్పుడు తొమ్మిదో తరగతి. ఇంక చూసుకోండి, బడి నుంచి రావడం, పుస్తకాల సంచి ఒక మూలకు విసిరేయడం, ఆ డబ్బా ముందర కూర్చోవడం.

దొరికిన పాటనల్లా టేపులోకి పట్టేదాన్ని. కోలాటం పట్టినాను, చెక్కభజన పట్టినాను, నాట్లప్పుడు ఆడవాళ్లు పాడుకునే పాటలు పట్టినాను. నడింట్లో కిటికీకి బొంత కట్టి, కోళ్లను తరిమేసి, డబ్బా కింద ఇంకో బొంత మడిచి పెడితే పాట కాస్త శుభ్రంగా వచ్చేది. సెల్లులు నీరసపడితే మిద్దె మీద ఎండలో పెట్టేదాన్ని, మళ్లీ కొంచెం పనిచేసేవి. "ఏందమ్మా ఇది, వడియాలా సెల్లులా?" అని మా నాయన నవ్వేవాడు.

అయితే టేపు ఎంత విన్నా, ఎదురుగా కూర్చుని వినడం వేరు. అందుకే శనివారం భజన తప్పేదాన్ని కాదు. మా రామాలయంలో దీపాలు పెట్టే వేళకు మొదలయ్యేది. మా పెదనాయన భజన పెద్ద, హార్మోనియం ఆయనదే. మగవాళ్లు పాడేవాళ్లు. ఆడవాళ్లు స్తంభానికి అవతల కూర్చుని గోవింద కొట్టేవాళ్లు, అంతే. అంతకు మించి గొంతు లేపకూడదు. ఎందుకు లేపకూడదో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా.

మా పక్కింటి వదిన పుల్లలచెరువు పక్క పల్లె నుంచి కోడలుగా వచ్చింది. అక్కడ వాళ్ల నాయన భజన నడిపేవాడంట, పక్కన కూర్చోబెట్టుకుని కూతురి చేత కూడా పాడించేవాడంట. పిండి విసురుతూ వదిన పాడుతుంటే మా గోడ ఇవతల నేను అన్నం ముందర చెయ్యి ఆపుకుని వినేదాన్ని. అబ్బా, ఏం గొంతు! ఒక మధ్యాహ్నం వాళ్ల అత్త పొలానికి పోయినప్పుడు బతిమాలి మా నడింట్లోకి తీసుకొచ్చి, వాళ్ల ఊరి మంగళహారతి పాట ఒకటి పాడించి టేపు చేసినాను. తిరిగి వినిపిస్తే వదిన నవ్వలేదు, సిగ్గుపడలేదు. "మా నాయన ఉంటే బాగుండు అమ్మీ" అన్నది. డబ్బా మీద చెయ్యి పెట్టి, "ఒక్కసారన్నా ఈ ఊరి గుళ్లో పాడాలని ఉంది" అన్నది. పాపం, ఆ అమ్మి కోరింది అంతే. నగ అడగలేదు, చీర అడగలేదు.

నేను పోయి మా పెదనాయనను అడిగినాను. ఆయన హార్మోనియం తుడుచుకుంటూ తలెత్తకుండానే, "ఇంటి కోడలు పదిమందిలో గొంతెత్తితే ఏం బాగుంటుంది? పోయి చదువుకో పో" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికొచ్చి మా అవ్వ దగ్గర కాళ్లు నేలకేసి కొట్టినాను. మా అవ్వంటే పెదనాయనకు కన్నతల్లి. ఆమె వక్క కొరుక్కుంటూ అంతా విని, శనివారం ఆ టేపు భజనకు తీసుకుపోయి వినిపించు, ఎవరు పాడినారో ముందు చెప్పొద్దు అన్నది.

అట్లనే చేసినాను. భజన అయిపోయినాక పాట పెట్టినాను. తాళాలు పట్టుకున్నవాళ్లు తలలూపినారు. ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. మా పెదనాయనైతే హార్మోనియం మీద చేతులు అట్లనే పెట్టి కదలకుండా విన్నాడు. "రేడియోలో పట్టినావా అమ్మాయ్? ఎవరీమె?" అని అడిగినాడు. చెప్పినాను. అందరూ స్తంభం దిక్కు చూసినారు. వదిన కొంగు మొహం మీదికి లాక్కున్నది.

ఇప్పుడైనా పిలుస్తాడు అనుకున్నాను. పిలవలేదు! "పాట చానా బాగుంది. ఇంక ప్రతి శనివారం హారతికి ఈ టేపే పెట్టు" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే, ఇంత వయసొచ్చినాక కూడా, ఒళ్లు మండుతుంది. టేపు గుళ్లోకి వస్తే తప్పులేదంట, మనిషి నోరు తెరిస్తే తప్పంట! గొంతు కావాలి, గొంతున్న మనిషి అక్కర్లేదు. ఇదెక్కడి న్యాయమండీ?

ఇంక ప్రతి శనివారం అదే తంతు. నా డబ్బాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, పీట మీద కూర్చోబెట్టేవాళ్లు. హారతి వెలిగించగానే అది పాడేది. ఆ పాట పాడిన మనిషి స్తంభం అవతల నోరు మూసుకుని తన పాట తానే వింటూ నిలబడేది. నేను ఎంతో ఇష్టంగా చేసిన పని వదిన నోటికి తాళమైంది. ఇంక టేపు తీసుకురాను, సెల్లులు బావిలో పారేస్తాను అని ఇంట్లో రంకెలేసినాను. అవ్వ మాత్రం, "తీసుకుపో. తీసుకుపోకుంటే పాత పాట పాడుకుంటారు, వాళ్లకేం నష్టం?" అన్నది. ఆ తర్వాత అడిగింది, "ఏది నొక్కితే ఆగుతుందే ఇది?" అప్పటిదాకా ఆమె దాన్ని ముట్టుకున్నది లేదు. చూపించినాను.

మా పక్క హారతికి ఒక పట్టింపు ఉంది. కర్పూరం వెలిగినాక పాట మధ్యలో తెగకూడదు. ఎత్తుకున్న పాట ముగిసేదాకా పళ్లెం కిందికి దించకూడదు, మధ్యలో ఇంకో పాట అందుకోకూడదు. తెగితే ఊరికి అరిష్టమని భయం. వానల కోసం ఆకాశం చూసి బతికేవాళ్లం కదా, అట్లాంటి మాటను ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

ఆ శనివారం అవ్వ మోకాళ్ల నొప్పులని చెప్పి, నాతో పాటు ముందుకొచ్చి పీట పక్కనే చతికిలపడింది. పెదనాయన పళ్లెం ఎత్తినాడు. అందరూ లేచినారు. టేపు పాడుతూ ఉంది. మొదటి చరణం అయింది, రెండోది సగానికొచ్చింది. అవ్వ కొంగు సర్దుకుంటున్నట్టు చెయ్యి చాపి, మీట నొక్కేసింది.

పాట టక్కున తెగింది. పెదనాయన పళ్లెం తిప్పుతూనే నా దిక్కు చూసి, "ఏమైందమ్మాయ్?" అన్నాడు. నేను వంగబోయినాను. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, మొహంలో ఏమీ కనిపించనీయకుండా, "సెల్లులు అయిపోయినట్టుండాయి నాయనా. తెలిసినవాళ్లు ఎవరైనా అందుకోండి. సగంలో తెగితే మంచిది కాదు" అన్నది.

ఎవరందుకుంటారు? వారం వారం విన్నారే కానీ ఒక్కడన్నా నేర్చుకున్నాడా? డబ్బా పాడుతుంది కదా, మనకెందుకులే అనుకున్నారు. ఒకాయన ఏదో గొణిగి ఆగిపోయినాడు. ఇంకొకాయన తాళాలు సర్దుకున్నాడు. కర్పూరం తరిగిపోతూ ఉంది. మా పెదనాయన నుదుటి మీద చెమట నాకు ఇప్పటికీ కనబడుతుంది. ఆయనకు తెలుసు, ఆ పాట ఎవరికి వచ్చో. గుళ్లో అందరికీ తెలుసు. అయినా ఆ ఒక్క మాట నోట్లోంచి రావడానికి ఎంతసేపు పట్టిందో! కోపం ఉగ్గబట్టుకుని నేను ఆయన మొహంలోకే చూస్తూ నిలబడినాను.

చివరికి స్తంభం దిక్కు తిరిగి, "అందుకో తల్లీ" అన్నాడు.

వదిన ఎక్కడ తెగిందో ఆ మాట దగ్గరే అందుకున్నది. గొంతు మొదట వణికింది, తర్వాత నిలబడింది. నా టేపులో ఆ పాట ఇట్ల లేదు. టేపులో గొంతు మాత్రమే ఉంది, ఇక్కడ మనిషి ఉంది, ఆమె ఊపిరి ఉంది, కళ్ల నిండా నీళ్లున్నాయి. పాట అయిపోయిందనుకుంటే నేనెప్పుడూ వినని చరణం ఒకటి ఎత్తుకున్నది. ఇంకో కర్పూరం బిళ్ల వేసుకుని, పళ్లెం పట్టుకుని మా పెదనాయన అట్లనే నిలబడాల్సి వచ్చింది. ఆయన చెయ్యి ఎంత నొప్పి పుట్టిందో కానీ, నాకైతే కడుపు నిండింది.

ఇంటికొచ్చే దోవలో ఆయన అవ్వను నిలదీసినాడు. "నువ్వే ఆపినావు కదమ్మా?" అన్నాడు. "ఆపినా. మళ్లీ వారం కూడా ఆపుతా. ఆమెను పిలవడానికి ప్రతిసారీ నీకు నా చెయ్యే కావాల్నా?" అన్నది అవ్వ. మరుసటి శనివారం నేను డబ్బా పట్టుకుని పోతే, పీట అక్కడ లేదు. వదిన హార్మోనియం పక్కన కూర్చుని ఉంది. కొందరు మగవాళ్లు మొహాలు మాడ్చుకుని అరుగు మీదనే ఉండిపోయినారు. ఉండిపోనీ.

ఆ తర్వాత కూడా నేను పాటలు పట్టడం మానలేదు, ఇప్పుడు ఫోన్లో పడుతున్నాను. ఈ మధ్య మార్కాపురంలో ఒక పెళ్లికి పోయినాను. ఆనవాయితీకని పిలిపించిన సన్నాయి ఆయన పందిరి బయట ఊరికే కూర్చుని ఉన్నాడు. లోపల స్పీకరు పెట్టెల్లోంచి సన్నాయి మోగుతా ఉంది. ఆయనదేనంట, పోయిన ఏడాది వీళ్లింట్లో ఇంకో పెళ్లిలో వాయించినప్పుడు ఫోన్లో పట్టుకున్నారంట. ఇది బాగా వచ్చింది, మళ్లీ ఎందుకు వాయించడం అన్నారంట. నా మనవరాలు నా చెయ్యి పట్టుకుని, "అవ్వా, మనకెందుకు, కూర్చో" అన్నది. కూర్చోలేదు. పోయి ఆ పెట్టె ఆపేసి, తాళి కట్టే వేళకు వాయించేవాళ్లు లేరని గట్టిగా అరిచినాను. పెళ్లి పెద్దలు పరిగెత్తుకుంటూ బయటికి పోయినారు, ఆయన్ని పిలవడానికి.