కడియం లాకుల దగ్గర మావారి పేరు

మా చిన్నతనంలో ఆడది మొగుడి పేరు పలకడమంటే నడివీధిలో నిలబడి పాట పాడినంత పని. పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గిపోతుందని మా అత్తగారు అనేవారు. (ఆవిడ మా మామగారి పేరు ఒక్కనాడూ పలకలేదు. అయినా పాపం, ఆయన నడివయసులోనే పోయారు. ఆ సంగతి అత్తగారికి గుర్తుచేసే ధైర్యం మాత్రం నాకెన్నడూ రాలేదు.) మావారు పోయి ఏడాది తిరిగింది. పలకరించడానికి వచ్చినవాళ్లంతా అలాంటి భర్త, అలాంటి తండ్రి, అలాంటి తాత ఉండరని చెప్పుకుంటారు. నిజమే. కాని ఆయన తలపుకు వస్తే నాకు ఏడుపు కన్నా ముందు సిగ్గు వస్తుంది.

నేను కాపురానికి వెళ్తున్న రోజది. తోడు రావలసిన మేనత్తకు జ్వరం తగలడంతో మా నాన్నగారు మమ్మల్నిద్దర్నే ధవళేశ్వరంలో కాలవ పడవ ఎక్కించారు. కడియం లాకుల దగ్గర పడవ ఆగింది. తలుపుల మధ్య నీళ్లు దిగేదాకా అక్కడ ఆగాలి. "ఇక్కడే కూర్చో, ఇప్పుడే వస్తాను" అని మావారు గట్టెక్కి వెళ్లారు. నీళ్లు దిగాయి, తలుపులు తీశారు, పడవ నడిపే సరంగు కేకలు పెడుతున్నాడు. ఆయన జాడ లేదు. నేను పడవ దిగి గట్టు మీద నిలబడి ఏడుపు లంకించుకున్నాను. నా చుట్టూ జనం మూగారు. లాకు గుమాస్తా గారు వచ్చారు.

"ఏడవకమ్మా. మీ ఆయన పేరేంటి? కేకేయిస్తాను."

నేను తల వంచుకున్నాను.

"పేరు చెప్పమ్మా, పడవ వెళ్లిపోతుంది!"

"దేవుడి పేరేనండి" అన్నాను మెల్లగా.

"ఏ దేవుడు? రాముడా? కృష్ణుడా?"

తల అడ్డంగా ఊపాను. "ద్రాక్షారామంలో ఉంటారండి" అన్నాను. అక్కడి భీమేశ్వరస్వామిని తలచుకుని అన్న మాట అది. గుమాస్తా గారికి అర్థమైంది వేరు. చేతులు నోటి దగ్గర పెట్టుకుని, "ద్రాక్షారామంలో ఉండే ఆయన ఎవరండీ? మీ ఆవిడ ఇక్కడ ఏడుస్తోంది!" అని కాలవంతా వినపడేలా అరిచారు. వెనక పడవలోంచి బాన పొట్టాయన ఒకాయన ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చారు. నన్ను చూసి బిక్కచచ్చిపోయి, "ఈవిడెవరండి? మా ఆవిడ ఇంటి దగ్గరే ఉందండి బాబూ!" అన్నారు. గట్టంతా ఒకటే నవ్వు. భూమి చీలితే బాగుండుననుకుంటూ కొంగు ముఖం మీదికి లాక్కున్నాను.

మా పడవలోనే ఎండుచేపలు అమ్ముకునే ముసలమ్మ ఒకావిడ ఉంది. ఆవిడకు జాలేసింది. బుట్ట కింద పెట్టి, "గుర్తులు చెప్పు నా తల్లీ, నేను వెతుకుతాను. మీసం ఉందా? మనిషి ఎరుపా, చామనఛాయా?" అంది. అప్పుడుగాని నాకు తట్టలేదు. ఆయన ముఖం నేను ఎన్నడూ సరిగ్గా చూడలేదు! (పెళ్లిలో తెర దించినప్పుడు కూడా గట్టిగా కళ్లు మూసుకున్నాను.) దించుకున్న తలకు కనపడినవల్లా పాదాలే.

"కాలి బొటనవేలి కన్నా పక్క వేలు పొడుగండి" అన్నాను.

ఆవిడ నిజంగానే కొంగు బిగించి, "ఏదీ బాబూ, కాళ్లు ఇలా చూపించండి" అంటూ మగవాళ్ల పాదాలు చూడటం మొదలుపెట్టింది. ద్రాక్షారామం ఆయన కూడా ఎందుకైనా మంచిదని తన కాళ్లు చూసుకున్నారు. అంతలో జామచెట్టు చాటు నుంచి మావారు వచ్చారు. ఉత్తరీయంలో జామకాయలు మూటగట్టి ఉన్నాయి. ముసలమ్మ ముందుకు పాదం చాపి, "నేనేనండి" అన్నారు.

పడవ కదిలింది. ఆయన ఒక దోర జామకాయ నా చేతిలో పెట్టి, "నేను ఎప్పుడో వచ్చాను. నా పేరు చెబుతావేమోనని చెట్టు చాటున నిలబడ్డాను" అన్నారు.

"నేను మిమ్మల్ని పారేసుకున్నాననుకున్నానండి" అంటూ కోపంతో తలెత్తాను. ఆయన ముఖం చూడటం అదే మొదలు. మీసం ఉంది. కళ్లనిండా నవ్వు ఉంది, నన్ను ఏడిపించినందుకు కాస్త నొచ్చుకోవడమూ ఉంది.

ఊళ్లో పిల్లలకు చదువు చెప్పే మనిషి కదా, అత్తగారు సణుగుతున్నా వంటింటి గుమ్మంలో కూర్చుని నాకూ అక్షరాలు దిద్దించారు. కూతుళ్లను భుజాలమీద ఎక్కించుకుని చేల గట్లమీద తిరిగేవారు. మనవలు వీపెక్కి తొక్కుతుంటే హాయిగా నిద్రపోయేవారు. ఇంటికి ఏ కొత్త అల్లుడు వచ్చినా కడియం లాకుల కథ చెప్పి పాదం చూపించవలసిందే. నేను లోపలికి పారిపోయేదాన్ని.

పోయిన ఏడు మంచం పట్టాక ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు గట్టు మీద జనం లేరుగా. ఒక్కసారి పేరు పెట్టి పిలవవే" అన్నారు.

"ఊరుకోండి, పిల్లలు వింటారు" అన్నాను. పిల్లలెవరూ ఇంట్లో లేరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆయన నవ్వి, "సరేలే, జావ తీసుకురా" అన్నారు. మళ్లీ అడగలేదు. అడిగేటంత వ్యవధి కూడా లేకపోయింది. ముసలిదాన్ని, మనవరాళ్లున్నదాన్ని, నాకు అంత సిగ్గెందుకు వచ్చిందో! ఆ సిగ్గును తలచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతాను.

మొన్న పెరట్లో ఎవరూ లేరని చూసుకుని, గిన్నెలు తోముతూ, ఆయన పేరు పైకి అన్నాను. బాగుందనిపించి ఇంకోసారి అన్నాను, ఈసారి కొంచెం గట్టిగా. వెనక నుంచి మనవరాలు, "ఎవర్ని పిలుస్తున్నావు మామ్మా?" అంది.

"పిల్లినే" అన్నాను.

ఆ పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. "పిల్లికి తాతయ్య పేరు పెట్టావా?" అని, సమాధానం కోసం ఆగకుండా ఇల్లంతా చాటడానికి పరుగెత్తింది. నేను కొంగు ముఖం మీదికి లాక్కుని, ఆ చాటున ఒక్కదాన్నే నవ్వుకున్నాను.