తుంటి నొప్పి వేషం

ఏడో తరగతిలో బడి మానేసిన నేను, ఆటో నడిపే ఓపిక అయిపోయాక కాలేజీలో అడుగుపెట్టాను. రోగిని చూసి మందు రాసే నర్సులవడానికి నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు చదివేవాళ్ళ పరీక్షలో ముసలి రోగి వేషం నాది. వేషం ప్రకారం నాకు బాత్రూంలో జారిపడి తుంటి నొప్పి పట్టింది, కానీ నన్నే అడిగితే తప్ప ఆ సంగతి చెప్పకూడదు. పక్కన నా కొడుకు వేషంలో కాలేజీ అటెండరు.

మన ఆసుపత్రుల్లో రోగి ముసలివాడైతే అన్నీ వెంట వచ్చినవాళ్ళనే అడుగుతారు కదా. ఎలమంచిలి అమ్మాయి ఒకతె అలాగే అడిగి ఓసారి తప్పింది. ఈసారీ తప్పితే ఏడాది పోతుంది. అయినా మళ్ళీ అటెండరువైపే తిరిగింది.

"తాత అన్నం తింటన్నాడా?"

"రెండు పూటలా తింటన్నాడు," అన్నాడు వాడు దర్జాగా.

నేను జవాబు అందించకూడదు గానీ, ముసలాడు విసుక్కోవచ్చు కదా!

"ఏటమ్మా, నా కడుపు సంగతి ఆడికేటి తెలుస్తాది? నాను బతికే ఉన్నాను!"

ఆ అమ్మాయి నాలిక కరుచుకుని, స్టూలు నా దగ్గరికి లాక్కుంది. "తాతా, ఈమధ్య ఎక్కడైనా పడ్డావేటి?"

"పడ్డానమ్మా!" అన్నాను, పండగొచ్చినంత సంబరంగా.

పాసైందని పరీక్ష పెట్టే మేడమ్ చెప్పగానే మంచం మీంచి ఒక్క గెంతు గెంతాను.

"తాతా, తుంటి!" అని అరుస్తూ నన్ను పట్టుకోవడానికి పరిగెత్తుకొచ్చింది ఆ అమ్మాయి.