మాస్టారి రాయి మీద లేని బి.ఏ.

నా పేరు ఎస్తేరమ్మ. వయసు అరవై దాటిందంటారు. నేను పుట్టినప్పుడు రాసిపెట్టినవారు లేరు. నందిగామలో నేనూ, తల్లిలేని నా మనవరాలూ ఉంటాం. నేను చెబుతుంటే ఆ పిల్లే రాస్తున్నది.

మా పక్కింటి మాస్టారు పోయారని జగ్గయ్యపేట సంతలో తెలిసింది. బుట్ట అక్కడే వదిలేసి వచ్చాను. అప్పటికే శవపెట్టె మూసేశారు.

ఆయన బడికి మూడు మైళ్ళు నడిచేవారు. నడుస్తూనే పైకి చదివేవారు. "మాస్టారు గేదెలకి ఇంగ్లీషు చెప్తన్నారు" అని పశువుల కాపరులు నవ్వేవారు. ఉద్యోగం మానుకుని కాలేజీకి వెళ్ళే వీలు లేక, ఉత్తరాదిన ఎక్కడో ఉన్న యూనివర్సిటీలో ప్రైవేటుగా బి.ఏ. పరీక్షకి కట్టారు.

"ఇక్కడ ఇంత పెద్ద యూనివర్సిటీ ఉండగా ఊరుగాని ఊరు పిల్లని చేసుకున్నట్టు, ఆ దూరపు పట్టా ఎందుకండీ?" అన్నాను.

"ఇక్కడి పిల్ల నన్నొప్పుకోలేదు ఎస్తేరమ్మా" అని నవ్వారు.

ఇంగ్లీషు రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. ఆ పట్టా ఇక్కడ చెల్లదని, హెడ్మాస్టరు కుర్చీ ఆయన దగ్గర చదువుకున్నవాడికే ఇచ్చారు.

పోయినేడు నా మనవరాలు అదే యూనివర్సిటీ ఫారం తెచ్చింది. ఆయన వింటుండగానే, "దానికెందుకే డబ్బు తగలెయ్యడం? మాస్టారికేం ఒరిగింది?" అన్నాను.

ఆయన ఫారం చేతిలోకి తీసుకుని చూశారు. తర్వాత పిల్లతో, "ఒరగలేదమ్మా, నిజమే. కుర్చీ కోసమైతే కట్టొద్దు. చదువుకుంటా నడిచినన్నేళ్ళూ నాకు బడి దూరమనిపించలా. అది చాలనుకుంటే కట్టు" అన్నారు.

ఫారం మీద పెద్దదిక్కుగా నేను వేయాల్సిన వేలిముద్ర వేయలేదు. గడువు దాటిపోయింది.

మా సమాధుల దొడ్డిలో చదువుకున్నవారి పేరు కింద డిగ్రీ చెక్కడం ఆనవాయితీ. జగ్గయ్యపేట నుంచి రాయి వచ్చింది. రాతిపని సైదులు పేరు చెక్కి, కింద బి.ఏ. కోసం ఉలితో రెండు గీతలు గీశాడు. అంతలో సంఘపెద్దలు ఆపారు.

"చెల్లని డిగ్రీ చెక్కితే నలుగురూ నవ్వుతారు" అన్నారు.

"మీ పిల్లలకి ఆయన చెప్పిన చదువు చెల్లిందిగా అండీ?"

"నీకు అక్షరం ముక్క రాదు, ఊరుకో ఎస్తేరమ్మా."

"రాదు గనకే అడుగుతున్నానండీ. వచ్చినోళ్ళెవరూ అడగలేదుగా!"

రాయి అలాగే నిలబెట్టారు. వాళ్ళమీద కేకలేస్తున్నానే గాని, వాళ్ళన్నది ఒకప్పుడు నేనన్న మాటే. ఆయన మొహం మీదే అన్నాను. తప్పయిందని నేను చెప్పకముందే ఆయన వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చి ఈ ఏడాది ఫారం మీద వేలిముద్ర వేశాను. "కుర్చీ రాదే. తెలిసే కట్టు" అన్నాను. పిల్ల తల ఊపింది.

ఇది చదివే పదిమందికీ నా మనవి: ఆ రెండక్షరాలూ చెక్కించండి. నాకు చదవడం రాదు గాని, అక్కడ ఏమీ లేదని నా వేలికి తెలుస్తున్నది. గీతల మధ్య రాయి నున్నగా ఉంది. మొన్నటి వానకి అక్కడ ఎర్రమట్టి చిమ్మితే కొంగుతో తుడిచి వచ్చాను.

ఎస్తేరమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర.
చూసినవారు: రాతిపని సైదులు, ఎదురింటి మార్తమ్మ.