కేవీ కుప్పం పెళ్లిలో జారిన పేక

కొత్త పేక విప్పగానే వచ్చే వాసన తగిలితే ఇప్పటికీ నా అరచేతులు చెమరుస్తాయి. మొన్న వేలూరులో మా బడి వార్షికోత్సవంలోనూ అంతే. ఏళ్ల తరబడి పేకతో గారడీ చేస్తున్నాను, ఈ భయం మాత్రం నన్ను వదల్లేదు. అది మునిరత్నం పెదనాయన దగ్గర మొదలైంది.

గుడియాత్తంలో ఆయనది మా పక్కిల్లు. రోజూ మగ్గం మీద లుంగీలు నేసేవాడు, పెళ్లిళ్లకు పిలిస్తే గారడీ చేసేవాడు. కొత్తగా టీచరునై, పిల్లల ముందు నోరు పెగలక ఏడుస్తున్న నన్ను పిలిచి పేక చేతికిచ్చాడు. వేళ్లకు పని త్వరగానే పట్టుబడింది. జనం మధ్య నిలబడాలంటే మాత్రం వెనక్కి తగ్గేదాన్ని.

"నీ చేతిని నువ్వే చూస్తా ఉంటే జనమూ దాన్నే చూస్తారమ్మా. అరవంలో మాట్లాడతా మాట్లాడతా టక్కున తెలుగులోకి దిగు. ఇదేందని తలెత్తి నీ మొగం చూస్తారు. ముక్క మార్చేది అప్పుడే" అనేవాడు. వేలూరు కల్యాణమండపాల్లో ఆయనకు ఈ ఎత్తు ఎన్నడూ తప్పలేదు.

నా మొదటి ప్రదర్శన కేవీ కుప్పంలో, ఒక రైతు ఇంటి పెళ్లిలో. పెదనాయన నా పక్కనే ఇంకో పేక కలుపుతూ నిలబడ్డాడు. పెళ్లికొడుకు మేనత్త ఒక ముక్క తీసి చూసుకుని, కట్ట మధ్యలో పెట్టింది. ఎవరి కంటా పడకుండా దాన్ని నేను పైకి తేవాలి. అరవంలో మొదలుపెట్టి తెలుగులోకి దిగాను. ఒక్క తలా లేవలేదు. అక్కడున్న వాళ్లంతా ఒక్క మాటలోనే రెండు భాషలూ కలిపేవాళ్లు, నేను భాష మార్చినట్టే వాళ్లకు తోచలేదు. మేనత్త చూపు నా వేళ్ల మీదే ఉంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. పట్టుబడితే ఆయన నాకు మోసం నేర్పాడని ఊరంతా ఆడిపోసుకుంటుంది, నేనిక ఏ వేదికా ఎక్కలేను.

అంతలో ఆయన చేతిలోని పేక జలజలా నేలమీద పడింది. అందరూ అటు తిరిగారు. "అయ్యో, పెద్దాయనకు చేతిపట్టు పోయిండాదే!" అంది మేనత్త. ఆ క్షణంలో ముక్కను పైకి తెచ్చేశాను. ఆమె తీసిన ముక్కే కట్ట పైన కనిపించగానే చప్పట్లు మోగాయి.

తిరుగు బస్సులో భయంభయంగానే అడిగాను. "కావాలనే పడేసినారా, పెదనాయనా?"

"మరి? ఇన్నేండ్లలో నా చేతిలోంచి ఒక్క ముక్కన్నా జారిందా?"

"అందరికీ నిజం చెప్పేస్తా."

"చెప్తే నువ్వు ముక్క ఎట్ల మార్చినావో కూడా చెప్పల్ల. సుమ్మా ఉండు, నోరెత్తొద్దు" అని కిటికీ వైపు తిరిగాడు.

ఆ తరువాత పెళ్లిళ్లకు ఆయన్ను ఎవరూ పిలవలేదు. నన్ను పిలిచారు. ఆయన పోయిన రోజు ఆ మేనత్త కూడా వచ్చింది. "ఆ పొద్దే చూసినా. చేతులు పాడైపోయిండె, పాపం" అంది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. నా పేరు పోతుందని భయమేసింది. అవునన్నట్టు తలూపాను.