సముద్రపొడ్డున మోగిన క్రేన్ ఘంటీ

దెయ్యాల మాటెత్తితే నవ్వేసే రకం నేను. భిలాయి క్యాంప్ 2లో మా పెద్దమ్మ వాళ్ళ వీధిలో ప్రతి వేపచెట్టుకీ ఒక దెయ్యం ఉందని చెప్పుకునేవారు. చిన్నప్పుడు ఆ చెట్లన్నీ ఎక్కి దిగాను, ఒక్కటీ నన్ను పలకరించలేదు. పెద్దయ్యాక ముప్ఫై ఏళ్ళు బళ్ళో సైన్సు చెప్పాను. ఎవరైనా వచ్చి ఇంట్లో ఏవో చప్పుళ్ళు అవుతున్నాయంటే, ముందు ఎలుకల బోను పెట్టి చూడండి అనేదాన్ని. అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే నాకే సిగ్గుగా ఉంది. కానీ కడుపులో దాచుకుంటే అన్నం అరగడం లేదు.

మేం భిలాయిలో సెక్టర్ 6 క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాన్న స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపేవారు. షెడ్డు కప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ తిరిగే పెద్ద క్రేన్ అది. దానికి ఎర్రగా కాలిన ఇనుము వేలాడుతూ వెళ్తుంటే, కింద పనిచేసేవాళ్ళు తప్పుకోవడానికి నాన్న పైనుంచి గంట మోగించేవారు. ప్లాంటులో అందరూ దాన్ని ఘంటీ అనేవారు. ఘంటీ వినబడితే పైకి చూడకూడదు, ఏమిటని అడగకూడదు, పక్కకి పరుగెత్తాలి. అదీ రూలు.

ఆ రూలు మా ఇంట్లోకీ వచ్చేసింది. వంటింట్లోంచి వేడి గిన్నె ఏది బయటికి వస్తున్నా, నాన్న ముందుగా గరిటెతో పళ్ళెం మీద టంగుమని కొట్టేవారు. నేనూ, మా తమ్ముడు చంటీ ఎక్కడివాళ్ళం అక్కణ్ణించి గోడవైపు ఉరికేవాళ్ళం. వెనకబడినవాళ్ళు ఆ పూట కంచాలు తియ్యాలి. ‘ఇది కొంపా, ఫ్యాక్టరీయా?’ అని అమ్మ విసుక్కునేది. తీరా ఘంటీ మోగితే అందరికంటే ముందు గెంతేది ఆవిడే.

డెబ్భైల చివర ఒక వేసవిలో నాన్నకి సెలవు దొరికి, అందరం అమ్మ పుట్టింటికి బయల్దేరాం. భీమిలి దాటాక సముద్రపొడ్డున చిన్న ఊరది. అప్పటికి నాకు పదేళ్ళు, చంటికి ఐదు. సముద్రం ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలీదు.

బస్సు దిగేసరికి మావయ్య ఎదురొచ్చాడు. ముందటేడు వానలకి ఎర్రమట్టి కొండ సగం జారి ఒడ్డు మీద పడిందట. పాత దారి దాంతోపాటే పోయింది. ఇప్పుడు ఊళ్ళోకి వెళ్ళాలంటే కొండ పాదం వెంబడే, కెరటాలకీ మట్టికీ మధ్య అరగంట నడక. మావయ్య మా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని, ‘మద్దిలో ఎక్కడా ఆగకండి బావా, గబగబా వొచ్చీండి’ అని ముందుకి సాగిపోయాడు.

ఆగకుండా ఎలా ఉంటాం? మలుపు తిరగ్గానే సముద్రం కనబడింది. చంటి నోరు తెరుచుకుని చూసి, ‘బాప్ రే! నల్ బంద్ కర్నా కౌన్ భూల్ గయా?’ అన్నాడు, కుళాయి కట్టడం ఎవరు మరిచారని. మా క్వార్టర్లో కుళాయి పొద్దునా సాయంత్రమే వచ్చేది, కట్టెయ్యడం మరిచిపోతే అమ్మ చేతిలో వీపు విమానం మోతే. వాడు అంత నీటిని చూసి, ఇక్కడెవరికో దెబ్బలు ఖాయమనుకున్నాడు పాపం. నాన్న కడుపు పట్టుకుని నవ్వారు. అమ్మయితే కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని కెరటాల్లోకి పరుగెత్తింది. అమ్మ పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. నాన్న ప్యాంటు మడిచి ఆవిడ వెనకే వెళ్ళి నీళ్ళు చిమ్మారు. మా అమ్మానాన్నల పెళ్ళి ఫోటోలో కూడా అంత సంతోషం లేదు.

కాసేపటికి ఎండ చుర్రుమంది, ఆకలేసింది. కొండ కింద చక్కటి నీడ కనబడింది. నాన్న అక్కడ తువ్వాలు పరిచారు. మిల్లు వేడిలో మగ్గే మనిషి, నీడ కనబడితే చాలు. ప్లాంటులో వేలాడే బరువు కింద నిమిషం కూడా నిలబడనివ్వని ఆయన, వేలాడే కొండ కింద మమ్మల్ని కూర్చోబెట్టారు. మా ఊరు అప్పడాల పీటలా చదును. కొండ అంటే చూసి సంతోషించేదే గానీ, జారింది పోగా మిగిలిందీ మీద పడుతుందని మాకెలా తెలుస్తుంది? అమ్మ చిన్నప్పుడు ఆ కొండ గట్టిగానే ఉండేది, ఆవిడకీ తోచలేదు.

అమ్మ రైల్లో మిగిలిన పులిహోర పొట్లం విప్పుతోంది. చంటి ఇంకా లోపలికి, సరిగ్గా కొండ మొదట్లో కూర్చుని, స్నేహితులకి చూపిద్దామని టిఫిను డబ్బాలో ఎర్రమట్టి నింపుకుంటున్నాడు.

అప్పుడు మోగింది.

మూడుసార్లు గబగబా. కాస్త ఆగి, మళ్ళీ మూడు. పళ్ళెం మీద గరిటె చప్పుడు కాదు. పెద్ద ఇనుప గంట, పళ్ళు జివ్వుమనేంత మోత. నేను ఆలోచించలేదు. పైకి చూడలేదు. నీళ్ళవైపు పరుగెత్తాను. నా పక్కనే అమ్మ. డబ్బా పారేసి చంటి. మా వెనకాల ‘పామా? ఏదీ పాము?’ అని అరుస్తూ నాన్న.

చంటి మోకాలి లోతు నీళ్ళలోకి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడో లేదో, వెనక లారీడు కంకర గుమ్మరించినట్టయింది. తిరిగి చూస్తే తువ్వాలు లేదు. అక్కడ నాన్న నిలువెత్తున మట్టి ఉంది. చంటి కూర్చున్న చోట ఇంకా ఎక్కువే ఉంది.

అమ్మ వాణ్ణి వాటేసుకుంది, నాలుగు బాదింది, మళ్ళీ వాటేసుకుంది. మేం రాలేదని వెనక్కి తిరిగిన మావయ్య పెట్టె పడేసి పరుగున వచ్చాడు. గంట కొట్టింది ఎవరని అమ్మ అడిగితే తెల్లబోయాడు.

‘గంటేటే? ఇక్కడ గుడుందా, బడుందా? నాకేటీ ఇనబడ్నేదు.’

కాస్త దూరంలో వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు కూడా మట్టి పడ్డ చప్పుడే విన్నామన్నారు. ఇంతలో నాన్న పకపకా నవ్వడం మొదలుపెట్టారు. చూస్తే, అమ్మ చేతిలో పులిహోర పొట్లం అలాగే ఉంది, మెతుకు కింద పడలేదు. నీళ్ళలో నిలబడే అందరం తిన్నాం, మావయ్యతో సహా. అంత కమ్మటి పులిహోర మళ్ళీ తినలేదు.

ఆ సాయంత్రం లెక్క తేలింది. విన్నది అమ్మా, నేనూ, చంటీ. నాన్నకి ఏమీ వినబడలేదు, మేం పరుగెత్తామని ఆయనా పరుగెత్తారు. మిల్లు హోరుకి ఆయన చెవులు అప్పటికే మందగించాయి, ఇంట్లో ఏ మాటైనా రెండుసార్లు చెప్పాలి. మరి మావయ్య చెవులు పాము చెవులు కదా, ఆయనకెందుకు వినబడలేదు?

పెద్దయ్యాక సైన్సు టీచర్ని కాబట్టి నేనో సమాధానం అల్లుకోవచ్చు. ముందుగా రాలిన గులకరాళ్ళ చప్పుడే అలవాటు కొద్దీ మాకు ఘంటీలా తోచిందని. ఆ సమాధానం నాకూ నచ్చేదే, ఆ ఏడాది విశ్వకర్మ పూజ లేకపోయి ఉంటే.

యంత్రాలకి దండలేసి పూజ చేసే ఆ రోజున ఇంటివాళ్ళని ప్లాంటు లోపలికి రానిస్తారు. అమ్మా, నేనూ, చంటీ ఆ షెడ్డులో అడుగుపెట్టడం అదే మొదలు. నాన్న మమ్మల్ని కింద నిలబెట్టి, హుషారుగా నిచ్చెనెక్కి, పూలదండలేసిన క్రేన్‌లో కూర్చుని ఘంటీ కొట్టారు.

మూడు. కాస్త ఆగి, మూడు.

కళ్ళు తెరిచేసరికి మేం ముగ్గురం గోడకి అతుక్కుని ఉన్నాం. చుట్టూ ఉన్న కార్మికులు నవ్వుతున్నారు. అమ్మ మొహం పాలిపోయింది. ‘మమ్మీ, వహీ హై,’ అన్నాడు చంటి. అదే మోత, పళ్ళలో అదే జివ్వు. అంతకుముందు మాలో ఎవ్వరమూ ఆ గంట విని ఎరగం. ప్లాంటు చప్పుళ్ళలో సైరను తప్ప ఏదీ మా క్వార్టరు దాకా వచ్చేది కాదు.

నాన్న దిగి వచ్చి సంగతి విని, అక్కడే మెట్టు మీద కూలబడ్డారు. ‘ఇన్నేళ్ళూ ఊరందరి పిల్లల కోసం కొట్టేను. నా పిల్లల కోసం కొట్టిన్ది నాకే ఇనబడ్నేదు, సూడు,’ అన్నారు. ఆయన కళ్ళు తడవడం ఆ రోజే చూశాను. ఇంటికొస్తూ దారిలో అందరికీ జిలేబీ కొనిపెట్టారు.

రిటైరయ్యాక నెహ్రూ నగర్లో చిన్న ఇల్లు కట్టుకున్నారు. చెవులు పూర్తిగా పోయాయి. మా తమ్ముడి పిల్లలు వచ్చినప్పుడు వేడి గిన్నె వస్తుంటే ఆయనే పళ్ళెం మీద కొట్టేవారు. పిల్లలు ఉరుకుతుంటే చూసి, మోగిందని రూఢి చేసుకునేవారు.

అప్పుడప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ‘ఆ రోజు ఎలాగ మోగిందో కొట్టి సూపించమ్మా,’ అనేవారు. నేను ఆయన అరచేతిలో చెంచాతో కొట్టేదాన్ని. మూడు, కాస్త ఆగి మూడు. ఆయన గుప్పెట మూసుకునేవారు.

‘ఎవులు కొట్టీరంటావు?’

ముప్ఫై ఏళ్ళు సైన్సు చెప్పినదాన్ని, తెలీదు నాన్నా అని తల అడ్డంగా ఊపేదాన్ని.

ఆయన మాత్రం నవ్వేవారు. ‘ఎవుడోగానమ్మా, మంచి ఆపరేటరు. టైముకి కొట్టీసేడు.’