నంద్యాల చైనా మందు, మా ఇంటి ఉప్పుకల్లు

"నాయన బీపీ మాత్రలు మానేసి చైనా మూలికల కషాయం తాగుతాండాడు, నువ్వు బిన్నె రా, ఆలస్యం చేయొద్దు" అని ఆళ్లగడ్డ నుంచి అక్క ఫోన్ చేసింది. అందుకే ఈ ప్రయాణం. ఆ మందు కోసం మీలో ఎవరైనా నంద్యాల బయలుదేరుతుంటే ముందు ఇది చదవండి.

కర్నూలులో పొద్దున్నే బస్సెక్కి ఎనిమిదిన్నరకల్లా నంద్యాలలో దిగాను. ఉగ్గాని, బజ్జీ తిని, ఆటోకు యాభై ఇచ్చి అక్క చెప్పిన గుర్తులతో ఆ మందు అమ్మే గదికి వెళ్లాను. పొట్లాల మీద అన్నీ చైనా అక్షరాలే. ఇందులో ఏమున్నాయని అడిగితే అమ్మేవాడు నవ్వాడు. "వేల ఏండ్ల వైద్యం అన్నా. నమ్మకముండాల." మాత్రలెందుకు మాన్పించావంటే, "రెండూ కలిస్తే మందు పట్టదన్నా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ వైద్యం ఏళ్ల తరబడి చదివి, నాడి పట్టి మందిచ్చేవాళ్లు చైనాలో ఉంటారు. ఈయన గదిలో కనీసం బీపీ చూసే మిషను కూడా లేదు.

శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు గంటకు పైగా పట్టింది, టికెట్టు వంద లోపే. ఇంట్లో అడుగుపెట్టేసరికి నాయన కషాయం గుటకేసి, వెంటనే ఉప్పుకల్లు నోట్లో వేసుకున్నాడు. చేదు మందు ఏది తాగినా మా ఇంట్లో అదే అలవాటు.

"ఉప్పేంది నాయనా? నీకు బీపీ గదా."

"చేదు పోవల్ల గదప్పా. ఆయప్ప కూర మానమన్యాడు, ఉప్పు సంగతి ఎత్తలే."

ఆదివారం చర్చి నుంచి వచ్చి పొట్టేలు కూర లేనిదే ముద్ద ఎత్తని మనిషి, అదీ మానుకున్నాడు. అక్క మిషను పెడితే నూట తొంభై దాటింది. డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఆయన మాత్రలు మళ్లీ మొదలుపెట్టించి, ఇంకా ఆలస్యమైతే కాలూచెయ్యీ పడిపోయేవేమో అన్నారు.

తిరిగొచ్చి పొట్లాలు పారేయబోతే నాయన అడ్డుపడ్డాడు. "తెలిసినోళ్లకు గూడా చెప్పమన్యాడు ఆయప్ప. పక్కింటి మాబుకు సగం ఇచ్చినా. తక్కినవీ ఇస్తానని చెప్పినా."

ఈసారి కోపం నాయన మీదికే మళ్లింది. పక్కింటికి వెళ్తే, టైలరు మాబు కుట్టుమిషను దగ్గర కషాయం పక్కన గిన్నెలో ఉప్పుకల్లు కూడా ఉంది. నేనెంత చెప్పినా మాబు వినలేదు. "మీ నాయన అబద్ధం చెప్పడప్పా. ఆయన మాట మీదనే నా బీపీ మాత్రలు మానేసినా."

నాయనను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. ఆయన గడపలో తలొంచుకుని నిలబడ్డాడు. "మాబూ, నేను చెప్పింది తప్పు. మాత్ర మింగప్పా."

మూలికల మీద నాకు పగ లేదు. కానీ జీవితమంతా నిజమే మాట్లాడిన మా నాయన మాటను ఆ గదిలోవాడు తన సరుకు అమ్మడానికి వాడుకున్నాడు. అది నేను క్షమించలేను. ఒక్క సలహా: ఏ కొత్త మందైనా ముందు మీ డాక్టరుకు చూపించండి, ఆయన చెప్పకుండా బీపీ మాత్ర మానకండి. ఇప్పటికే ఎవరికైనా ఆ పొట్లం ఇచ్చి ఉంటే, వాళ్లింటికి మీరే వెళ్లి చెప్పండి. మీ మాట మీద మానేసినవాళ్లు ఇంకొకరు చెబితే వినరు.