కర్బ్ వైపు చక్రాలు

చలికాలం పొద్దున్నే తలుపు తీస్తే వర్జీనియాలోని మా షాంటిలీ వీధంతా కార్ల పొగ వాసన. అందరూ ఇళ్ళ ముందు డ్రైవ్‌వేల్లో కార్లు స్టార్ట్ చేసి, అవి వేడెక్కేలోగా లోపలికెళ్ళి కాఫీ తాగుతుంటారు. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ శారదగారు గుర్తొస్తారు.

ఆవిడ మా పక్కింట్లో ఒంటరిగా ఉండేవారు. యాభై దాటిన మనిషి. భర్త కారు యాక్సిడెంట్‌లో పోయారని విన్నాను. ఏ హైవే మీదో అనుకున్నానే తప్ప ఎప్పుడూ అడగలేదు. రెండువేల ఒకటిలో నేను రెండేళ్ళ పిల్లవాడితో, ఉద్యోగం చేసే వీల్లేని వీసా మీద వచ్చాను. డ్రైవింగ్ రాకపోతే ఇల్లే జైలు. మావారికి నేర్పే ఓపిక లేదు. శారదగారే శనివారాలు తన పాత కారులో నేర్పారు.

నడపడం కంటే దిగడం గురించే ఆవిడకి పట్టింపెక్కువ. హ్యాండ్‌బ్రేక్ వేయాలి, ఇంజన్ ఆపాలి, ముందు చక్రాలు కర్బ్ వైపు, అంటే రోడ్డంచు గట్టు వైపు తిప్పాలి. ఆపైన తాళం అరచేతిలో పెట్టి చూపిస్తేగానీ నన్ను దిగనిచ్చేవారు కాదు.

"ఇవన్నీ మీ సొంత రూల్సా అక్కా?" అని ఏడిపించేదాన్ని.

"వర్జీనియా చట్టమేనమ్మా. రోడ్డు మీద కారు వదిలి వెళ్ళాలంటే అవన్నీ చేయాలి. తాళం చూపించడమొక్కటే నాది."

"మరి ఇంటి డ్రైవ్‌వేలో?"

"చట్టంలో లేదు," అని ఆవిడ హ్యాండ్‌బ్రేక్ మరోసారి లాగి చూశారు. "మనం చేద్దాం."

లైసెన్స్ వచ్చాక వచ్చిన మొదటి చలికాలం. ఇండియన్ స్టోర్‌కి వెళ్ళేసరికి బాబు వెనక సీట్లో నిద్రపోయాడు. పెరుగూ కరివేపాకూ, రెండు నిమిషాల పని. వాడికి చలేస్తుందని హీటర్ నడిచేలా ఇంజన్ ఆపకుండా లోపలికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి, అదే స్టోర్‌కి వచ్చిన శారదగారు మా కారు తలుపుకి చెయ్యి ఆనించి నిలబడి ఉన్నారు. ముఖంలో నెత్తురు లేదు.

"రన్నింగ్ కార్‌లో పిల్లాణ్ణి వదిలేస్తావా ఉషా?"

పక్కవాళ్ళు చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. "ఇది రోడ్డు కాదక్కా, పార్కింగ్ లాట్. మీ చట్టం ఇక్కడ వర్తించదు."

"కారుకి ఆ సంగతి తెలీదు కదమ్మా."

అక్కడితో ఊరుకున్నా బావుండేది. "మొగుడూ పిల్లలూ లేరు, ఊళ్ళోవాళ్ళ కార్లకి కాపలా కాయడమే మీకు పని," అనేశాను. ఆవిడ "బాబు బెల్ట్ చూసుకో" అని వెళ్ళిపోయారు.

తర్వాత నేను పలకరించలేదు. వేసవిలో ఆవిడ దూరాన ఫ్రీమాంట్ అనే ఊళ్ళో తమ్ముడి దగ్గరికి మారిపోయారు. ట్రక్కులోకి సామాను ఎక్కిస్తుంటే కర్టెన్ వెనక నిలబడి చూశాను. ఫోన్ చేద్దాం, చేద్దాం అనుకుంటూనే రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు ఆ తమ్ముడే చేశారు. శారదగారు గుండెపోటుతో పోయారట. ఆవిడ డైరీలో నా నంబర్ ఉందట.

"బావగారు పోయిన రోజు బాగా మంచు. అక్క డ్రైవ్‌వేలో కారు స్టార్ట్ చేసి, బావగారి లంచ్‌బాక్స్ కోసం లోపలికెళ్ళిందండీ. హ్యాండ్‌బ్రేక్ వేయలేదు. కారు వాలులో జారింది. కింద బావగారు మంచు తీస్తున్నారు," అన్నారాయన. "రోడ్డు కాదు కాబట్టి తను చట్టం తప్పలేదని పోలీసులు చెప్పారట. అక్క మాత్రం ఒప్పుకోలేదు."

నేనన్న మాట ఆవిడ ఎక్కడ దాచుకుని ఉంటారో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. క్షమించమని అడగడానికి మనిషి లేదు.

ఆ బాబుకి ఇప్పుడు పదహారేళ్ళు, నేనే డ్రైవింగ్ నేర్పుతున్నాను. ఇవాళ మా డ్రైవ్‌వేలో కారాపి, చక్రాలు తిప్పుతూ విసుక్కున్నాడు.

"అమ్మా, డ్రైవింగ్ బుక్‌లో రోడ్ అనే ఉంది. ఇక్కడ ఎందుకు?"

"కారుకి ఆ సంగతి తెలీదు నాన్నా."

వాడు నవ్వి, అరచేయి తెరిచి తాళం చూపించాడు.